ఆల్చిప్పల కొవ్వు

ఓర్వకల్లు
3 సెప్టెంబరు 2024

పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ. వాన లేదు. మేకల దొడ్డికి కంప కట్టాను.

అమ్మాయి నిస్సీకి పెదనాయన రాసేది. నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాయన ఆత్మకూరు నుంచి కబురు పంపాడు. సంతోషం. క్వారీలో మందు పేలి నా చెవులు పోయినప్పటి నుంచి ఫోను నాకు దండగ అని నీకు తెలుసు. పోస్టాఫీసులో కవర్లు కొనిపెట్టుకున్నాను. నువ్వు కూడా కాగితం మీదే రాయి. ఫోనులో చెబితే మీ పెద్దమ్మ అంతా విని నాకు సగమే చెబుతుంది.

పని ఏమిటో వివరంగా రాయి. సముద్రపు గుల్లలు కోసి వాటిలోని కొవ్వు తీస్తావని మీ నాయన అన్నాడట. మీ పెద్దమ్మ నవ్వింది. "మా ఇంట్లో సంగటి తిని సదివిన పిల్ల, ఆ సదువంతా నత్తలు దంచేదానికా?" అంది. ఆమె నవ్వి చాలా కాలమైంది కాబట్టి రాస్తున్నాను.

నువ్వు ఉన్నది మన ఏసుబాబు పనిచేసిన రేవులోనే అని తెలిసిన రోజు మాత్రం ఆమె అన్నం ముట్టలేదు. ఐస్ ఫ్యాక్టరీలో పని అని చెప్పి పోయిన కొడుకు చేపల పడవ ఎందుకు ఎక్కాడో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ తుఫానుకు మూడేళ్ళు కావస్తోంది. పడవ దొరికింది, మనుషులు దొరకలేదు అన్నారు. దొరకలేదు అన్న మాట దగ్గరే ఆమె నిలబడిపోయింది. ఈ రోజుకీ రాత్రి వాకిలికి గడియ పెట్టనివ్వదు.

నేను సముద్రం చూడలేదు. నా చెవుల్లో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. అది చెవి జబ్బేనని డాక్టరు అన్నాడు. సముద్రం చప్పుడు ఎట్లా ఉంటుందో వీలైతే రాయి.

మీ పెదనాయన
గాబ్రియేలు


11 సెప్టెంబరు 2024

పెదనాయనా, పెద్దమ్మా, ఇద్దరికీ నిస్సీ వందనాలు.

ఉత్తరం చూసి హాస్టల్లో పిల్లలు వింతగా చుట్టూ చేరారు. ఈ కాలంలో కవరు మీద స్టాంపు అంటించి రాసేవాళ్ళున్నారా అని. నేను మీ అక్షరాలు చూపించి గొప్పలు పోయాను.

పెద్దమ్మ అన్నది నిజమే. దంచడమే నా పని. పొద్దున్నే సముద్రం పాయ దగ్గర రాళ్ళకు అంటుకున్న ఆల్చిప్పలు కొట్టుకొస్తారు. వాటిని కత్తితో తెరిచి, లోపలి మాంసాన్ని భాగాలుగా విడదీస్తాను. మొప్పలు వేరు, చిప్పను మూసే కండ వేరు, గుడ్లుండే సంచి వేరు, తిన్నది అరిగించే ముదురు రంగు గ్రంథి వేరు. ఒక్కొక్కటి మెత్తగా నూరి, మత్తుమందు వాసన వచ్చే ద్రవంలో కలిపి గాజు గరాటులో నిలబెడతాను. కాసేపటికి పైన ఒక పొర, కింద ఒక పొర తేరుకుంటాయి. కొవ్వంతా కింది పొరలోకి దిగుతుంది. దాన్ని మెల్లగా వదిలి, ద్రవం ఆరబెడితే సీసా అడుగున పసుపుపచ్చగా కొంచెం మిగులుతుంది. మన ఆముదం చుక్క మాదిరి. దానికోసం పూటంతా నిలబడాలి.

ఆ చుక్కను యంత్రానికిస్తే గీతలు గీస్తుంది. ఒక్కో గీత ఒక్కో రకం కొవ్వు. పెదనాయనా, ఇది మీకు నచ్చుతుంది. ఆల్చిప్ప నోరులేని ప్రాణి, రాయికి అంటుకుని కదలకుండా ఉంటుంది. కానీ దాని కొవ్వు చూసి అది ఏం తిన్నదో, నీళ్ళు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో, ఆ పాయలోకి ఏమేం వచ్చి కలిశాయో చెప్పవచ్చు. మా మేడమ్ "దాచుకోవడం దానికి చేతకాదు" అంటారు.

సముద్రం చప్పుడు గురించి అడిగారు. దూరం నుంచి వింటే మన కర్నూలు రైలు కట్ట మీద గూడ్సు బండి పోతున్నట్టుంటుంది, కాకపోతే ఆ బండి ఎంతసేపటికీ అయిపోదు. నేను కిటికీ మూసుకుని పడుకుంటాను.

రేవు వైపు ఇంకా పోలేదు. పోవాలనిపించలేదు.

మీ బిడ్డ
నిస్సీ


ఓర్వకల్లు
20 సెప్టెంబరు 2024

రాత్రి చినుకులు పడ్డాయి, దుమ్ము అణగడానికి సరిపోయాయి. కందిలో కలుపు తీశాము.

అమ్మా నిస్సీ, నీ ఉత్తరం చదివాము. నేను పైకి చదువుతాను, నా గొంతు నాకు వినబడదు గాని మీ పెద్దమ్మకు వినబడుతుంది. ముందు నేను చూసుకుని తర్వాత ఆమెకు చెప్పే పద్ధతి మా ఇంట్లో లేదు. మరుసటి పొద్దున ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, "ఆ పాయలోకి ఏమేం వొచ్చినాయో ఆటికి తెలుస్తాదా?" అని అడిగింది. నేను ఆమె పెదవులు చూసి మాట పట్టుకుంటాను కాబట్టి మళ్ళీ అడిగించుకున్నాను. అదే మాట.

నాకు కొన్ని సంగతులు తెలియాలి. నువ్వు వదిలిపోయిన పదో తరగతి సైన్సు పుస్తకం తీసి చూశాను, అందులో లేవు. ఆల్చిప్ప తిన్నది దాని ఒంట్లో ఎన్నాళ్ళు ఉంటుంది? నీళ్ళలో కలిసిపోయినదంతా దాని లోపలికి పోతుందా? పెద్ద ప్రాణి ఏదైనా నీళ్ళలో కరిగిపోతే అదీ పోతుందా?

ఇక ఇంటి సంగతులు. నవంబరు రెండున సమాధుల పండుగ వస్తోంది కదా, ఏసుబాబుకు రాయి నిలబెడదామని సంఘ పెద్ద శామును మళ్ళీ అడిగాను. చర్చి మెట్ల మీద నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు, ఊరందరికీ వినబడి ఉంటుంది. "గాబ్రియేలన్నా, మనిషి లేందే గుంత యాడ తీస్తాం? ఖాళీ గుంత ఊర్లో ఇంకో మనిషిని అడుగుతాది. మా నాయనా తీయనీల్యా, నేనూ తీయనీను. వాని ఒంటిది ఏదన్న ఉంటే సెప్పు, గోరంత ఉన్నా సాలు." మన తాతల కాలం నుంచి ఈ మాట ఉన్నదే. చొక్కా పెడతానన్నాను. గుడ్డ మనిషి కాదన్నాడు.

మీ పెద్దమ్మ అయితే అసలు రాయే వద్దంది. "నా కొడుకు సచ్చినాడని సెప్పను మీరెవరప్పా? మీరు సూసినారా?" అని శామును నిలబెట్టి అడిగింది. అతను తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను అడిగినవాటికి జవాబు రాయి.

గాబ్రియేలు


29 సెప్టెంబరు 2024

పెదనాయనా,

మీ ప్రశ్నలు మా మేడమ్‌కు చదివి వినిపించాను. "మీ పెదనాయన్ని ఇక్కడ చేర్చుకుందాం" అన్నారు. మీరు ఇంత ఆసక్తిగా అడగడం నాకెంత బలమో చెప్పలేను. ఇక్కడ నాతో ఈ పని గురించి మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

జవాబులు. అరిగించే గ్రంథిలోని కొవ్వు తొందరగా మారిపోతుంది, ఈ మధ్య తిన్నదాన్నే చెబుతుంది. కండలోది నిదానం. ఆల్చిప్ప రోజంతా నీళ్ళు లోపలికి పీల్చి వదులుతుంది, నీళ్ళలో ఏది తేలుతూ ఉంటే అది వడగట్టుకుంటుంది. పెద్ద చేప చచ్చి కరిగినా అందులోది కొంత దానికి అందుతుంది. సముద్రంలో ఏదీ వృథా పోదు.

మీకు ఒక మంచి వార్త. రేవు పాయలో కొట్టుకొచ్చిన ఆల్చిప్పల్లో నాకొక కొత్త గీత దొరికింది. కొవ్వు జాతిదే, కానీ అది చేపల్లో పుట్టదు, పాచిలో పుట్టదు. మనిషి ఒంట్లో తయారై నీళ్ళలోకి వచ్చేది. రేవుకు దూరంగా తెచ్చిన ఆల్చిప్పల్లో అది లేదు, ఇక్కడివాటిలోనే ఉంది. మేడమ్ మూడుసార్లు మళ్ళీ చేయించారు. మూడుసార్లూ వచ్చింది. చేరిన కొత్తలోనే ఇది పట్టినందుకు అందరి ముందూ మెచ్చుకున్నారు. మీకు తప్ప ఎవరికి రాయాలో తెలియలేదు.

పెద్దమ్మ కూడా ఈ కొవ్వు సంగతి ఎందుకు అడిగిందో అర్థమైంది. ఆత్మకూరులో మా నాన్నకు కొవ్వు ఎక్కువని డాక్టరు భయపెట్టాడు కదా, ఆమెకూ ఆ బెంగ పట్టినట్టుంది. ఆల్చిప్పల కొవ్వు మంచిదేనని చెప్పండి. మన ఊళ్ళో ఎలాగూ దొరకవు.

రాయి సంగతి చదివితే అన్న గుర్తొచ్చాడు. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోతూ, పల్లంలో బ్రేకు వేయకుండా వదిలేవాడు.

నిస్సీ


ఓర్వకల్లు
8 అక్టోబరు 2024

పొడి ఎండ. గాలి లేదు. సున్నం బస్తా తెచ్చి నీళ్ళలో నానవేశాను.

అమ్మా, నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం జరిగిందో వరుసగా రాస్తాను.

వరండాలో చదివాను. రేవు పాయలో మనిషి ఒంటిది దొరికిందన్న చోటికి వచ్చేసరికి మీ పెద్దమ్మ చాటలో కొర్రలు చెరుగుతున్నది చెరుగుతున్నట్టే ఆగింది. "మళ్ళా సదువు" అంది. చదివాను. మళ్ళీ చదవమంది. దూరం తెచ్చినవాటిలో లేదు, ఇక్కడివాటిలోనే ఉంది అన్న మాట ఆమెకు నోటికి వచ్చింది. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. నేను పోలేదు.

సాయంత్రం పెట్టె తెరిచి ఏసుబాబు బట్టలన్నీ తీసి ఉతికింది. మూడేళ్ళుగా వాటిని తడపనివ్వలేదు, వాసన పోతుందని. ఆ రాత్రి వాకిలికి గడియ పెట్టింది. నేను పెట్టమనలేదు. ఆమే పెట్టి, గడియ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, వచ్చి పడుకుంది. నిద్రపోయింది కూడా.

మరుసటి రోజు నీ ఉత్తరం శాము చేతికిచ్చాను. అతను పెదవులు కదుపుతూ చదివాడు. "మూడుసార్లు సూసినారంటనే. మిషనే సెప్పినాక నేనెవర్ని?" అన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

గుంత తవ్వడం మొదలుపెట్టాను. మా నాయన సమాధి పక్కనే. మన నేల సంగతి నీకు తెలుసు, మోకాలి లోతు పోతే బండ తగులుతుంది. గడ్డపారతో కొంచెం కొంచెంగా కొడుతున్నాను. పండుగకు అయిపోతుంది.

నువ్వు పండుగకు రా. వచ్చేటప్పుడు ఆ చుక్క తీసుకురా. సీసా అడుగున ఆముదం మాదిరి ఉంటుందన్నావు కదా, అంత చాలు. మీ మేడమ్‌కు నా పేరున అడుగు. ఇవ్వడానికి వీలుకాకపోతే ఆ ఆల్చిప్పలైనా తే.

నీకు మేము చేసిందేమీ లేదు. నువ్వు మాకు పెద్ద సాయం చేశావు.

గాబ్రియేలు


13 అక్టోబరు 2024

పెదనాయనా, ఈ ఉత్తరం మీరొక్కరే చదువుకోండి. పైకి చదవకండి. దయచేసి ఇక్కడ ఆపి, పొలానికి తీసుకుపోయి చదవండి.

తప్పు నాది. నేను రాయాల్సినంత రాయలేదు. మీరు పెద్దవాళ్ళు, ఉత్తరంలో ఆ మాట రాయడానికి సిగ్గుపడ్డాను. నాకు దొరికిన గీత మనిషి ఒంట్లో తయారయ్యేదే, కానీ అది ఊరి మరుగుదొడ్ల నుంచి వస్తుంది. రేవు ఊరి మురుగు కాలువ ఆ పాయలో కలుస్తుంది. ఆ మురుగు ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికే మేము ఆల్చిప్పల కొవ్వు చూస్తాం. నేను పట్టింది అది. మెచ్చుకున్నది అందుకు.

అన్న అందులో లేడు. ఉండడానికి వీలులేదు. ఆల్చిప్ప ఒంట్లో కొవ్వు మూడేళ్ళు నిలవదు, కొన్ని వారాల్లో మారిపోతుంది. అంతకన్నా ఘోరమైనది ఇంకొకటి రాయాలి. నీళ్ళలో కరిగిన మనిషి కొవ్వును ఏ యంత్రమూ మనిషిదని గుర్తుపట్టలేదు. చేపది, మేకది, మనది అన్నీ ఒకే రకం గీతలు గీస్తాయి. అన్నను వెతకాలంటే ఈ దారి లేనేలేదు.

మీరు ప్రశ్నలు అడిగినప్పుడు నేను ఆలోచించి ఉండాల్సింది. పెద్ద ప్రాణి అన్నారు. నేను చేప అనుకున్నాను. పక్క పేరాలోనే అన్న సమాధి గురించి రాశారు, రెండూ కలిపి చదవలేకపోయాను. నా గీత గురించిన సంబరంలో ఉన్నాను.

ఇవాళ మొదటిసారి రేవుకు పోయాను. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర నిలబడ్డాను. కాలువ పాయలో పడేచోట నీళ్ళు రెండు రంగులుగా ఉన్నాయి. అంతే చూశాను. వచ్చేశాను.

గుంత పూడ్చేయండి పెదనాయనా. పెద్దమ్మకు ఏం చెప్పాలో మీకే తెలుసు.

నిస్సీ


ఓర్వకల్లు
19 అక్టోబరు 2024

మబ్బు. ఉల్లి నారుకు నీళ్ళు పెట్టాను. మోటారు సగంలో ఆగింది.

అమ్మా నిస్సీ, నీ ఉత్తరం పైకే చదివాను. కవరు చించేటప్పటికే మీ పెద్దమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. చదవకండి అన్న మాట చదివాక ఆపితే ఆమె ఏమనుకుంటుంది? ఆమె చెయ్యి ఊపి "కానీ" అంది. చివరిదాకా చదివాను. మురుగు అన్న చోట నా గొంతు ఎట్లా ఉందో నాకు తెలియదు.

ఆమె నా వైపు తిరిగి, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ పిల్ల సిగ్గుపడింది. నేనెందుకు సిగ్గుపడాల? వాని ముడ్డి కడిగింది నేను. నాలుగేండ్లొచ్చినా వాకిట్లో కూసోని అమ్మా అని పిలిసేటోడు. ఆ ఊర్లో వాడు రెండేండ్లు తిన్యాడు, తిరిగినాడు. వాడు పోయినకాడ పోయింటాడు గదా? ఆ నీళ్ళు ఆడికే గదా పోయేది? దాంట్లో వానిది లేదని ఆ మిషను సెప్తాదా?"

మూడేళ్ళు నిలవదని రాసింది కదే అన్నాను.

"నువ్వు ఊకో" అంది.

నువ్వు రాసింది నాకు అర్థమైంది. ఆల్చిప్పల్లో వాడు లేడు. ఆమెకూ అర్థమైందనే అనుకుంటున్నాను. అర్థమైన తర్వాత కూడా ఆమె ఆ మాట అంటోంది. నేను ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు.

శాముకు చెప్పాను. అతను భయపడ్డాడు. "గుంత తీసి ఉండాది గదన్నా! పూడ్సు, ఈ పొద్దే పూడ్సు. అడుగుతాది" అన్నాడు. మనుషులను పిలుచుకుని పారలతో వచ్చాడు. మీ పెద్దమ్మ పోయి గుంత గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది. "పొయ్యండప్పా మన్ను. నా మింద పొయ్యండి" అంది. వాళ్ళు పారలు భుజాన వేసుకుని తిరిగి వెళ్ళారు. పల్లెలో ఇప్పుడు పిల్లలను ఆ వైపు పోనివ్వడం లేదు. సుంకమ్మ ముసలమ్మకు జ్వరం వస్తే గుంత వల్లే అన్నారు. తగ్గింది.

గుంత అట్లాగే ఉంది. పొద్దున లేచి మొదట అక్కడికి పోయి చూస్తున్నాను. దేనికి చూస్తున్నానో రాయలేను.

నువ్వు రావాలో వద్దో నేను చెప్పను.

గాబ్రియేలు


25 అక్టోబరు 2024

పెదనాయనా, వస్తున్నాను. పండుగ రోజు పొద్దున కర్నూలులో దిగి, అక్కడ బస్సు పట్టుకుంటాను.

సీసా తేను. అది విషపు ద్రవంలో తీసింది, భూమిలో పెట్టకూడదు. రేవు పాయ నుంచి ఆల్చిప్పలు తెస్తాను, ఐసులో పెట్టి, మూతి తెరవకుండా. అన్న ఇందులో లేడని పెద్దమ్మ ఎదురుగా నిలబడి నా నోటితో చెబుతాను. చెప్పిన తర్వాత ఆమె చేతికిస్తాను. ఆమె ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం. రెండూ చేయాలని నిశ్చయించుకున్నాను. ఒక్కటే చేస్తే నాకు నిద్ర పట్టదు.

రాత్రి కిటికీ తెరిచి పడుకున్నాను. వాయుగుండం ఉందని రేవులో జెండా ఎగరేశారు. పడవలన్నీ ఒడ్డుకు లాగారు.

నిస్సీ


ఓర్వకల్లు
2 నవంబరు 2024

రాత్రంతా వాన. తెల్లవారి తెరిపిచ్చింది, మబ్బు పోలేదు. మా నాయన సమాధికి, అమ్మ సమాధికి సున్నం ఒక పూత వేశాను, తడికి సరిగా పట్టలేదు.

అమ్మా నిస్సీ, ఈ ఉత్తరం నీకు పోస్టులో అందదు. నువ్వు దారిలో ఉంటావు. రాసే అలవాటు కొద్దీ, మా నాయన సమాధి మీద గోనెపట్ట పరుచుకుని కూర్చుని రాస్తున్నాను. వచ్చాక చేతికే ఇస్తాను.

మన వైపు ఇట్లాంటి వాన పడి ఎన్నో ఏళ్ళయింది. సముద్రం మీది నుంచి వచ్చిన వాన అని శాము అన్నాడు. వంకలు పారుతున్నాయి. నీ బస్సు ఆలస్యం కావచ్చు. జనం ఇంకా రాలేదు, బంతిపూల బుట్టలు మాత్రం చర్చి మెట్ల మీద పెట్టిపోయారు.

గుంత నిండింది. అడుగున బండ కాబట్టి నీళ్ళు ఇంకలేదు. ఎర్రగా, అంచుకు జానెడు కిందిదాకా నిలబడ్డాయి. పొద్దున మేమిద్దరం వచ్చి చూసినప్పుడు గాలికి నీళ్ళు ఒక గట్టుకు తగిలి, మళ్ళీ ఇంకో గట్టుకు తగులుతున్నాయి. నేను నీళ్ళనే చూశాను, ఆమె ముఖం చూడలేదు. చూసేసరికి ఆమె పెదవులు కదలడం అయిపోయింది. ఏమన్నదో అడగలేదు.

బకెట్ తెచ్చి తోడతానన్నాను. ఆమె నా చేతిలో నుంచి తీసుకుంది. మొదట గట్టు మీద వంగి తోడింది, నీళ్ళు నడుముల్లోతుకు తగ్గాక చీర ఎగదోపుకుని లోపలికి దిగింది. వద్దన్నాను. శాము చూస్తే ఏమంటాడో అన్నాను. ఆమె వినలేదు, లేదా నేను గట్టిగా అనలేదు.

ఒక సంగతి రాయాలి. ఆమె ఒక్కో బకెట్ నింపి, పారబోసే ముందు దానిలోకి చూస్తోంది. పైపైన కాదు. చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి, ఏమీ లేదని తెలుసుకుని, అప్పుడు గట్టు మీదికి ఒంపుతోంది. మళ్ళీ నింపుతోంది. ఇక్కడి నుంచి నాకు ఆమె తల, భుజాలు కనబడుతున్నాయి. నోరు కదులుతోంది. నాతో అయితే ముఖం ఇటు తిప్పుతుంది. తిప్పడం లేదు.

నా చెవుల హోరు ఈ రోజు ఎక్కువగా ఉంది. నువ్వు రాసిన గూడ్సు బండి మాదిరి ఉందా అని గమనిస్తున్నాను.

నీళ్ళు మోకాలి కిందికి వచ్చినట్టున్నాయి. నువ్వు వచ్చేలోపు అడుగు తుడిచి, గట్టు మట్టి సర్ది, సున్నం రెండో పూత

ఆమె ఇటు తిరిగింది. బకెట్ కింద పెట్టి నా వైపు చెయ్యి చాచింది. పైకి లాగమని అనుకుని కలం మూయబోయాను. అది కాదు. ఈసారి పెదవులు స్పష్టంగా కనబడ్డాయి. "నువ్వు గూడా దిగు" అంటోంది. "ఇద్దరం సూద్దాం" అంటోంది. చెయ్యి దించలేదు. నేను చెప్పులు విడిచి